పరిగెత్తేటప్పుడు ఆ పిల్లల గొంతు చూడండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

800 మీటర్ల పరుగులో సగం దాకా అందరికంటే తనే ముందు. ఆ తర్వాత గొంతు పట్టుకుని ఆగిపోతుంది. గాలి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు. ఐదు నిమిషాలు కూర్చోబెడితే మళ్లీ మామూలే. ఉబ్బసం అన్నారు, ఇన్‌హేలర్ రాశారు. రెండేళ్లు వాడినా గుణం కనబడలేదు. ఈమధ్య ఒక ఈఎన్‌టీ డాక్టరు గొంతు మీద అనుమానపడి, కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. అంతా బాగానే ఉందట. ఉంటుంది మరి! ఆ ఇబ్బంది పరిగెత్తేటప్పుడే కదా వచ్చేది.

గట్టిగా పరిగెత్తినప్పుడు కొందరు పిల్లలకు స్వరపేటిక (గొంతులో మాట పుట్టే చోటు) దగ్గర గాలి దారి ఇరుకవుతుంది. ఉబ్బసంలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి, ఆయాసం తరచు పరుగు ఆపాక ముదురుతుంది. గొంతు ఇరుకైతే మాత్రం ఇబ్బంది పీల్చేటప్పుడు, పరుగు మంచి జోరు మీదున్నప్పుడు. రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉంటారు, కాబట్టి మందులు మానేయమని నేను ఎవరికీ చెప్పను. స్వీడన్‌లోని ఉప్సాలాలో 13 నుంచి 15 ఏళ్ల పిల్లలను పరీక్షించి, నూటికి 5.7 మందికి ఈ గొంతు ఇబ్బంది ఉండొచ్చని లెక్కగట్టారు. మన పిల్లల లెక్క ఎవరు తీయాలండీ?

నార్వేలోని బెర్గెన్ డాక్టర్లు ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తిస్తూనే, ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పెట్టి గొంతు చూసే పద్ధతి తెచ్చారు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్ష మొదలుపెట్టించండి. అక్కడే ఊపిరి పీల్చే పద్ధతి నేర్పే స్పీచ్ థెరపిస్టును కూడా ఉంచండి. చాలామందికి ఆ శిక్షణతోనే మెరుగవుతుంది, ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే. పిల్లల ఆరోగ్యం చూడటానికి స్కూళ్లకు వచ్చే బాల స్వాస్థ్య బృందాల కాగితంలో ఒక్క ప్రశ్న చేర్పించండి: "ఇబ్బంది ఊపిరి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా?" ఇబ్బంది వచ్చిన సమయంలో ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించమని మా వ్యాయామ ఉపాధ్యాయులకూ చెప్పించండి.

కానిస్టేబుల్ కావాలన్నది ఆ పిల్ల కోరిక. అందులోనూ 1600 మీటర్ల పరుగు ఉంది. వాళ్ల నాన్నేమో "ఇంక ఆటలొద్దు మాస్టారూ" అంటున్నారు. కాకినాడలో ఆ గొంతు పరీక్ష ఎప్పుడు పెట్టినా ఆయన్ను ఒప్పించి, ఇద్దరినీ నేనే అక్కడికి తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
కోనసీమ