చివరి అక్షరం మునిగిపోవద్దు మామా

విద్యానగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

మామా,

ఎట్లున్నావు? మీ బాపు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నువ్వు పంపిన రికార్డింగు మొన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక రెండుసార్లు విన్నా. ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంకోసారి ఫోన్‌ను వంటింటి గట్టు మీద పెట్టి. చెరువు కట్ట తెగిన రాత్రి ఊరంతా గుడి అరుగుల మీద తెల్లారబెట్టిన సంగతి బాపు చెప్తుంటే ఒళ్ళు జలదరించింది. ఎనిమిదో తరగతిలో మనతో పద్యాలు అప్పజెప్పించుకున్న గొంతు, అట్లాగే ఉంది. కానీ నీ అనుమానం నిజమే. వెనక వేణువు వచ్చినప్పుడల్లా మాట ఎక్కడికో పోతోంది. మైకు మార్చాలా అని అడిగావు. ఏం మార్చకు, పైసలు పెట్టకు. మైకు బాగానే పట్టింది, తేడా అంతా మిక్సింగులో, అంటే మాటనూ పాటనూ కలిపే చోట వచ్చింది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదువు.

ముందు నాకు జరిగింది చెప్తా. పోయినేడు అమ్మ చిన్నప్పటి ముచ్చట్లు రికార్డు చేసి, వెనక వేణువు వేసి, కరీంనగర్‌లో ఉండే మా మేనత్తకు వాట్సాప్‌లో పంపా. అందులో అమ్మ వాళ్ళ అన్న గురించి చెప్తుంది. బతుకుదెరువుకు బొంబాయి మిల్లుకు పోయిన మనిషి, ఏటా దసరాకు తప్పకుండా వచ్చేవాడు. "పొద్దూకే దాకా దర్వాజ కాడ్నే కూసున్నం. ఆ ఏడు రాలే" అంటుంది అమ్మ. మేనత్త విని ఫోన్ చేసింది. "పాట మంచిగుంది అల్లుడా. ఇంతకూ ఆ ఏడు మీ మేనమామ వచ్చిండా?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని, శబ్దం తెర మీద గీతగా కనపడుతుంది కదా, ఆ చోటు పెద్దది చేసి చూశా. "ఆ ఏడు" వరకు గొంతు గీత మందంగానే ఉంది. "రా" దగ్గర సన్నబడింది. "లే" దగ్గరికి వచ్చేసరికి దాదాపు చదునైపోయింది. పై ట్రాకులో వేణువు గీత సరిగ్గా అక్కడే పొంగింది. అమ్మ దుఃఖం ఆపుకుంటూ అన్న ఆ ఒక్క అక్షరాన్ని నేను వేసిన పాట మింగేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు మామా.

అప్పట్నుంచి ఒకటి గమనిస్తున్నా. మన వాక్యానికి ప్రాణం చివర్లో ఉంటుంది. వచ్చాడా రాలేదా, చేసింది నేనా వాడా, అంతా క్రియ చివరే తేలుతుంది. "చేస్తాను", "చేస్తాడు" మధ్య తేడా ఒక్క అక్షరం. గొంతేమో వాక్యం చివరికొచ్చేసరికి దానంతటదే దిగుతుంది. పెద్దవాళ్ళకు ఊపిరి కూడా అక్కడే అయిపోతుంది. మాటకు బరువు ఎక్కడుందో శబ్దం అక్కడే తేలిపోతుంది. బాపు రికార్డింగులో కూడా నాకు వినపడనివి వాక్యాల చివర్లే. "నీళ్ళు గడప దాకా" తర్వాత వచ్చాయన్నాడో రాలేదన్నాడో రెండుసార్లు విన్నా తెలియలేదు.

శబ్దాన్ని కత్తిరించి కలిపే ఆ ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు ఆటో డక్ వాడినట్టున్నావు, మాట వచ్చినప్పుడు పాటను దానంతటదే తగ్గించేది. వినగానే తెలుస్తోంది. బాపు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా పాట లేస్తోంది, మళ్ళీ పడుతోంది, ఎవరో పక్కన కూర్చుని వాల్యూమ్ తిప్పుతున్నట్టు. ఆటో డక్ మంచి పనిముట్టే. దాని లెక్క తెలుసుకుని వాడాలి. పాట ట్రాకు పైన, మాట ట్రాకు సరిగ్గా దాని కింద ఉంటే, కింది ట్రాకులో మాట వినపడినప్పుడల్లా పైనున్న పాటను అది తగ్గిస్తుంది. మాట ఉందా లేదా అని తేల్చుకోవడానికి దానికి ఒక గీటు కావాలి. అదే థ్రెషోల్డ్. మామూలుగా మైనస్ 30 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. డెసిబెల్ అంటే శబ్దం ఎత్తును కొలిచే లెక్క, మైనస్ అంకె ఎంత పెద్దదైతే శబ్దం అంత మెత్తన. మా అమ్మ అన్న "లే" దానికన్నా కిందికి పోయింది. అంటే సాఫ్ట్‌వేర్ లెక్కలో అమ్మ మాట "రా" దగ్గరే అయిపోయింది, అక్కడినుంచే పాటను లేపడం మొదలుపెట్టింది. పాట మళ్ళీ పైకి రావడానికి మామూలుగా పెట్టి ఉండేది అర సెకను. అరసెకనులో లేచిన పాట కింద ఆ అక్షరం ఎట్లా బతుకుతుంది?

నేనిప్పుడు పెద్దవాళ్ళ గొంతులకు థ్రెషోల్డ్ మైనస్ 45 దాకా దించుతున్నా. పాట లేవడానికి 2 సెకన్లు ఇస్తున్నా. మాటల మధ్య ఎంతసేపు ఆగితే పాట లేవాలో చెప్పే మాక్సిమమ్ పాజ్ 1 సెకను ఉంటుంది, దాన్ని 3 చేశా. బాపు లాంటివాళ్ళు ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఆలోచిస్తారు. ఆ ఆలోచనలో పాట దూరొద్దు. ఇంకొకటి, ఆటో డక్ పాట గీతనే మార్చేస్తుంది. కాబట్టి ముందు పాట ట్రాకును డూప్లికేట్ చేసి ఒకటి మ్యూట్‌లో దాచుకో. మరీ మెత్తగా పలికిన చోట్ల దేన్నీ నమ్మకు. ఎన్వలప్ టూల్ తీసుకుని, పాట ట్రాకు మీద చుక్కలు పెట్టి, చేత్తో కిందికి లాగు. "ఆ ఏడు రాలే" దగ్గర నేను చివరికి అదే చేశా. పాటను పూర్తిగా ఆపేశా. "రాలే" తర్వాత 4 సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాతే వేణువు నెమ్మదిగా వస్తుంది.

మన బుర్రకథ గుర్తుందా, నవరాత్రులకు బడి ముందు వేసిన పందిట్లో? కథకుడు పాట ఎత్తుకుంటే డక్కీలు దద్దరిల్లేవి. ఆయన వచనంలోకి దిగగానే పక్కవాళ్ళ చేతులు ఆగేవి. మాట నోట్లోంచి పూర్తిగా బయటపడ్డాకే మళ్ళీ దెబ్బ. ఎవరూ చెయ్యెత్తి సైగ చెయ్యక్కర్లేదు, వంతపాడేవాళ్ళు మాటనే వింటూ ఉండేవాళ్ళు. మిక్సు చేసేటప్పుడు నేను ఆ వంతవాడి చోట కూర్చున్నట్టు అనుకుంటా.

థ్రెషోల్డ్ అంత కిందికి దించాలంటే గది నిశ్శబ్దంగా ఉండాలి. లేకపోతే ఫ్యాను చప్పుడును కూడా మాటే అనుకుని పాటను ఎప్పటికీ లేవనివ్వదు. హైదరాబాదులో నిశ్శబ్దం దొరకడం కష్టం. మా వెనక రైలు పట్టాలు, పొద్దున కుక్కర్ విజిళ్ళు, పది దాటితే "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగే ట్రాలీ ఆటో. అమ్మవి రాత్రి పదకొండున్నర తర్వాతే రికార్డు చేస్తా. ఫ్యాను బంద్, ఫ్రిజ్ బంద్, తలుపుకు రెండు బొంతలు. బట్టల బీరువా తెరిచి అమ్మను దాని ఎదురుగా కూర్చోబెడతా, బట్టలు గొంతు మారుమోగకుండా పీల్చుకుంటాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు. ఎదురుగా పెడితే "ప", "భ" పలికినప్పుడు గాలి కొట్టి ధబ్బుమంటుంది. స్టాండు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, తక్కువలోనే దొరికింది. మాట మొదలయ్యే ముందు 5 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడును పట్టు. వెనక చప్పుడును తగ్గించే నాయిస్ రిడక్షన్‌కు ఆ ముక్కనే నమూనాగా ఇవ్వాలి. తగ్గించేది 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు. ఎక్కువ లాగితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టవుతుంది. బాపు గొంతులో ఆ జీర పోగొట్టకు మామా, అదే బాపు.

పాట ఎంత తగ్గాలి అంటావా? 6 డెసిబెల్స్ తగ్గిస్తే గీత ఎత్తు సగమవుతుంది, 20 తగ్గిస్తే పదోవంతు. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలని వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూత్రీసీ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వెనక శబ్దం మాటకన్నా కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలని ఉంది. వినికిడి తగ్గినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. మన శ్రోతలంతా అరవై దాటినవాళ్ళే కదా, నేను దాన్నే పట్టుకున్నా. ఆటో డక్ మామూలుగా 12 మాత్రమే తగ్గిస్తుంది. కాబట్టి ముందే ట్రాకు పక్కనున్న గెయిన్ స్లైడరుతో పాటను ఒక 8 దించి, ఆపైన డక్ చెయ్యి. ఇదంతా పాటా మాటా ఒకే ఎత్తులో ఉంటేనే. నీ వేణువు బాపు గొంతుకన్నా ఎత్తులో మొదలైంది.

వేణువు అసలు మాట వెనక్కి పనికొచ్చేది కాదని నా గట్టి అభిప్రాయం. సన్నాయి, వయొలిన్ కూడా అంతే. స్వరం పట్టి లాగే వాద్యం ఏదైనా గొంతుతో పోటీకి దిగుతుంది. వీణ అట్లా కాదు. మీటగానే పలికి తగ్గిపోతుంది, మీటుకూ మీటుకూ మధ్య మాటకు చోటు మిగులుతుంది. మా పై వాటాలో ఒక అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. అడిగితే ఒక సాయంత్రం కూర్చుని ఇరవై నిమిషాలు వాయించి ఇచ్చింది, ఇప్పుడు అమ్మ ముచ్చట్లన్నిటికీ అదే. నువ్వు రెండో భాగానికి వేసిన సినిమా పాట మాత్రం తీసెయ్. హక్కుల గొడవ ఒకటి, మాట వెనక ఇంకో మాట రావడం ఇంకోటి. చెవి రెండిట్లో ఏది పట్టుకోవాలి?

శబ్దంలో సన్నని, బరువైన భాగాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో కూడా చిన్న పని ఉంది. క, చ, ట, త, స లాంటి హల్లులను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసి చూపేది ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దం. చెవికి పదును కూడా అక్కడే ఎక్కువ. పాటలో ఆ భాగాన్ని 3, 4 డెసిబెల్స్ నొక్కు. పాట పాడైనట్టు తెలియదు, మాట మాత్రం ముందుకొచ్చి నిలబడుతుంది. మాటలో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టరుతో తీసెయ్, అక్కడ బల్ల అదుర్లు తప్ప ఏమీ ఉండవు.

ఆఖర్న లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఉంది చూడు, మొత్తం సౌండును ఒక లెక్క ఎత్తుకు తెచ్చేది, దాని దగ్గర జాగ్రత్త. రెండు ట్రాకులూ కలిపి సెలెక్ట్ చేసి కొట్టావనుకో, దేనికది విడిగా పెంచుతుంది. నువ్వు కష్టపడి దించిన పాట మళ్ళీ మాట ఎత్తుకు వచ్చి కూర్చుంటుంది. ముందు రెండింటినీ కొత్త ట్రాకులోకి మిక్స్ చేసి, ఆ ఒక్కదాని మీదే కొట్టు. స్టీరియో అయితే మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి మొత్తంగా ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క), మోనో అయితే మైనస్ 19. పాడ్‌కాస్టులకు వాడే లెక్క ఇదే.

అంతా అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టు. ఫోన్ స్పీకర్లో బరువైన శబ్దాలు దాదాపు పలకవు, మృదంగం మాయమై వేణువూ గొంతూ మిగులుతాయి. అందుకే నీకు కంప్యూటర్లో బాగున్నది మీ అక్కకు ఫోన్లో బాగాలేదు. ఫోన్ పక్క గదిలో పెట్టు, వంటింట్లో నల్లా తిప్పు, సౌండు సగానికి తగ్గించి విను. ఇంకా మంచిది, నువ్వు వినకు. నీకు బాపు చెప్పేది కంఠస్థం, చెవి వినకపోయినా మనసు పూడ్చేస్తుంది. ఆ కథ ఎన్నడూ విననివాళ్ళకు ఇచ్చి, విన్నాక ఏం జరిగిందో చెప్పమని అడుగు. నేను కొత్త మిక్సు మళ్ళీ మేనత్తకు పంపా. ఈసారి ఫోన్ చేసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. "పాపం, మీ అమ్మ దర్వాజ కాడ్నే కూసున్నదట కదా" అంది.

బాపు మాట, పాట, రెండూ విడివిడిగా వేవ్ ఫైళ్ళుగా, అంటే కుదించకుండా పంపు. కలిపిన ఎంపీత్రీ వద్దు, అందులోంచి పాటను శుభ్రంగా విడదీయడం కష్టం. వచ్చే ఆదివారం నేను కూర్చుంటా. నీళ్ళు గడప దాకా వచ్చాయో రాలేదో మాత్రం బాపును అడిగి ముందే రాయి, నాకు ఆగట్లేదు.

అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. బాపుకు నా దండాలు.

నీ
మామ