ఫిన్స్ కొనేముందు ఇది చదువు, చిన్నీ

చిన్నీ,

స్కూబా డైవింగ్‌కి కాళ్ళకి తొడుక్కునే ఫిన్స్ (ఈత రెక్కలు) ఏవి కొనాలని నిన్న నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మూడు జతలూ మంచివే, కానీ మూడింట్లో ఒక్కటీ నీకు సరిపడేది కాదు. ఈ మాట వాట్సాప్‌లో ఒక్క ముక్కలో చెప్తే నాన్నకి ఏదీ నచ్చదు అనుకుంటావు, అందుకే ఎందుకు వద్దంటున్నానో, ఏది కొనమంటున్నానో కూర్చుని రాస్తున్నాను. మాస్క్ తర్వాత డైవర్ సొంతంగా కొనుక్కోవాల్సింది ఫిన్సే. రెగ్యులేటర్ (ట్యాంకులోంచి గాలి అందించేది), బీసీడీ (నీళ్ళలో తేలడం, మునగడం సర్దే గాలి జాకెట్) ఇంకొన్నాళ్ళు అద్దెకే తీసుకో, నష్టం లేదు. పాదం మాత్రం ఒకరిది ఇంకొకరిలా ఉండదు కదా.

ముందు నీ పిక్క సంగతి. కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవిలో రెండో డైవ్‌లో కుడి పిక్క పట్టేసిందని, ఫిన్ మరీ గట్టిగా ఉండటం వల్లేనని అన్నావు. నాకు అలా అనిపించడం లేదు. అద్దెకిచ్చిన జత మడమ దగ్గర వదులుగా ఉందని కూడా నువ్వే చెప్పావు. ఫిన్ వదులుగా ఉంటే అది జారిపోకుండా మనకు తెలియకుండానే కాలివేళ్ళు ముడిచి పట్టుకుంటాం, డైవ్ ముప్పావుగంట అనుకుంటే అంతసేపూ అరికాలి కండరాలు, వాటితో పాటు పిక్క బిగుసుకునే ఉంటాయి, చివరికి పట్టేస్తాయి. కాబట్టి నీకు కావాల్సింది మెత్తటి ఫిన్ కాదు, పాదానికి సరిగ్గా కూర్చునే ఫిన్. మళ్ళీ ఎప్పుడైనా పట్టేస్తే కంగారుపడి కాళ్ళు కొట్టకు. ఆగు, బడ్డీకి, అంటే నీతో జతగా దిగిన డైవర్‌కి, సైగ చెయ్యి, ఫిన్ కొసని చేత్తో పట్టుకుని నీ వైపుకి లాగుతూ మోకాలు తిన్నగా చాపు. మెల్లగా వదులుతుంది.

ఇక మొదటి ఫొటోలోని ఆ నల్ల రబ్బరు ఫిన్స్. మీ ఇన్‌స్ట్రక్టర్ గారు వేసుకుంటున్నారు కాబట్టి నీకూ అవే కావాలనిపించడం సహజం. జెట్ ఫిన్ అనే ఆ రకం 1960ల నుంచి ఉంది, ఇప్పటికీ పెద్దగా మారలేదంటే దానిలో విషయం ఉన్నట్టే. మొత్తం రబ్బరు, బ్లేడ్ పొట్టిగా వెడల్పుగా గట్టిగా ఉంటుంది, నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. చల్లటి నీళ్ళలో, తడి లోపలికి రాని డ్రైసూట్ వేసుకునేవాళ్ళకి కాళ్ళు పైకి తేలిపోతుంటాయి, వాళ్ళకి ఆ బరువు వరం. ఉన్నచోటే గిర్రున తిరగడానికి, వెనక్కి ఈదడానికి, గుహల్లో, ఓడ శిథిలాల్లో బురద లేవకుండా కదలడానికి దానికి మించినది తక్కువ. కానీ నువ్వు డైవ్ చేసేది 28, 29 డిగ్రీల నీళ్ళలో, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్‌తో. మీ వాళ్ళు తీసిన వీడియోలో చూశాను, నీ కాళ్ళు ఇప్పటికే కిందకి వాలిపోతున్నాయి, దానికి తోడు బరువైన ఫిన్స్ తగిలిస్తే నువ్వు ఏటవాలుగా ఈదుతూ, ఆ ఏటవాలుని మోస్తూ ట్యాంకులోని గాలి తగలేస్తావు. పైగా జత రెండు కిలోలు దాటుతుంది. నువ్వు అండమాన్ వెళ్ళే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) ఫ్లైట్‌లో మామూలుగా ఇచ్చే లగేజీ 15 కిలోలే, అందులో బట్టలూ పెట్టుకోవాలి.

రెండో ఫొటోలో ఉన్న స్ప్లిట్ ఫిన్, అంటే బ్లేడ్ మధ్యలో చీలిక ఉన్నది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి బాగుంటుంది. కాళ్ళు పైకీ కిందకీ ఆడించినంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. ఫ్రాగ్ కిక్, అంటే కప్పలా కాళ్ళు పక్కలకి చాపి వెనక్కి తన్నడం, కొట్టాలన్నా, వెనక్కి జరగాలన్నా మాత్రం ఆ మెత్తటి రెండు ముక్కలకి నీళ్ళు సరిగ్గా దొరకవు. నువ్వు ఇప్పుడే ఫ్రాగ్ కిక్ నేర్చుకుంటున్నావు, అది రాకుండా చేసే ఫిన్ నీకెందుకు? మూడోది పొడవాటి ఫ్రీడైవింగ్ ఫిన్, ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళకి. ట్యాంకుతో పగడాల పక్కన మెల్లగా తిరిగే మనిషికి అంత పొడుగు బ్లేడ్ అడ్డమే, కొస ఎక్కడ తగులుతోందో కూడా తెలియదు.

ఈ తగలడం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. పగడం రాయిలా కనిపిస్తుంది కానీ ప్రాణమున్నది. గుండ్రంగా బండలా ఉండే రకాలు ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి, ఫిన్ కొస ఒక్కసారి తగిలి విరిగిన ముక్క నీ వయసంత పాతది కావచ్చు. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. తాకకపోయినా, అడుగుకి దగ్గరగా పైకీ కిందకీ కాళ్ళు కొడితే లేచే ఇసుక పగడాల మీద పడి వాటిని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఫ్రాగ్ కిక్‌లో నీళ్ళు వెనక్కి వెళ్తాయి, కిందకి కాదు. స్వరాజ్ ద్వీప్‌లో, అదే పాత హావ్‌లాక్‌లో, దిగే ముందు ఆ కిక్ నీ కాళ్ళకి పట్టుబడాలని నా కోరిక, ఫిన్ దానికి సాయపడేది కావాలి.

అంటే నీకు మామూలు వెడల్పు బ్లేడ్ ఉన్న ఫిన్ చాలు. మరీ మెత్తగా కాదు, మరీ గట్టిగా కాదు. షాపులో ఫుట్ పాకెట్ (పాదం దూర్చే భాగం) ఒక చేత్తో, బ్లేడ్ కొస ఇంకో చేత్తో పట్టుకుని వంచి చూడు. కొస వైపు తేలిగ్గా వంగాలి, పాదం దగ్గరికొచ్చేసరికి గట్టిపడాలి, వదిలిన వెంటనే మామూలు స్థితికి రావాలి. మధ్యలో రబ్బరు పట్టీలు ఉండి, కిక్ కొట్టినప్పుడు బ్లేడ్ దోనెలా లోపలికి వంగే రకమైతే నీళ్ళు పక్కలకి జారిపోవు, అది ఇంకా మంచిది. వేగం గురించి ఆలోచించకు. డైవింగ్‌లో ఎవరూ ఎవరితోనూ పందెం వేసుకోరు, మెల్లగా వెళ్ళినవాళ్ళకే ట్యాంక్ ఎక్కువసేపు వస్తుంది, వాళ్ళకే చేపలూ కనిపిస్తాయి.

బూటు లాంటి ఫుల్ ఫుట్ తీసుకోవాలా, వెనక స్ట్రాప్ ఉన్న ఓపెన్ హీల్ తీసుకోవాలా అని అడిగావు. నేత్రాణి అయినా హావ్‌లాక్ అయినా ఎక్కువగా పడవ మీంచే దూకుతావు, దానికైతే ఫుల్ ఫుట్ చాలు, తేలిగ్గా ఉంటుంది, చౌక కూడా. అయినా నేను ఓపెన్ హీలే అంటాను. ఇక్కడ మన రుషికొండలో నాతో ఒడ్డు నుంచి దిగాలన్నా, అండమాన్‌లోనే నీల్ దీవిలో పోటు తగ్గినప్పుడు ఎండిన పగడం ముక్కల మీద నడవాలన్నా, కాళ్ళకి గట్టి అడుగున్న బూటీలు (ఫిన్ లోపల వేసుకునే డైవింగ్ బూట్లు) ఉండాలి, అవి ఓపెన్ హీల్‌లోనే పడతాయి. సీ అర్చిన్ అనే సముద్రపు ముళ్ళజీవి ముల్లు అరికాలిలో దిగితే ఆ ట్రిప్ అక్కడితో సరి.

అందుకని ముందు బూటీలు కొను, తర్వాత ఫిన్స్. చాలామంది వరస తప్పుతారు, ఫిన్ కొన్నాక బూటీ దూరదు, లేదంటే లోపల ఆడుతుంది. 3 మిల్లీమీటర్ల బూటీలు చాలు మన సముద్రాలకి. అవి వేసుకుని సాయంత్రం పూట షాపుకి వెళ్ళు, పొద్దుటి కంటే అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి. కూర్చుని ఫిన్ తొడుక్కో, స్ట్రాప్ బిగించు, కాలు గాల్లోకెత్తి గట్టిగా ఊపు. మడమ జరగకూడదు, వేళ్ళు ముందుకి తన్నుకోకూడదు, పాదం పై ఎముక మీద నొక్కుడు ఉండకూడదు. అలాగే పది నిమిషాలు కూర్చో. మొదటి నిమిషంలో బాగున్నది పదో నిమిషంలో తిమ్మిరెక్కిస్తే అది నీది కాదు. మీడియం అంటే అన్ని కంపెనీల్లో ఒకటే కొలత అనుకోకు, చెప్పుల సైజు నంబరు చూసి ఆన్‌లైన్‌లో అసలు ఆర్డర్ చెయ్యకు. డెకాథ్లాన్‌లోనూ దొరుకుతాయి, అక్కడ కనీసం వేసుకుని చూడొచ్చు. డబ్బు మిగిలితే రబ్బరు స్ట్రాప్ తీసేసి స్టీల్ స్ప్రింగ్ స్ట్రాప్ వేయించు, ఊగే పడవలో బకిల్స్‌తో కుస్తీ పట్టే పని తప్పుతుంది, పాత రబ్బరు దూకే ముందు తెగుతుందేమోనన్న టెన్షన్ కూడా ఉండదు.

రంగు విషయంలో మాత్రం నా మాట పూర్తిగా విను. నలుపు వద్దు. ఎరుపూ వద్దు, లోతుకి వెళ్ళేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపే, కొన్ని మీటర్లకే బూడిదరంగులా కనిపిస్తుంది. పసుపు తీసుకో. మన విశాఖ నీళ్ళు ఎప్పుడూ అంత తేటగా ఉండవని నీకు తెలుసు, ఆ మసకలో నీ వెనకాల వస్తూ నేను వెతికేది నీ ఫిన్స్‌నే. నేను లేని చోట నీ బడ్డీ కూడా అదే వెతుకుతాడు.

కొన్నాక నేరుగా అండమాన్ తీసుకెళ్ళకు, బెంగళూరులోనే ఏదైనా పూల్‌లో రెండుమూడు సార్లు వాడు. కాళ్ళు తొడల దగ్గర్నుంచి కదలాలి, సైకిల్ తొక్కినట్టు మోకాళ్ళు మడవకు. పడవలో ఫిన్స్ అన్నిటికంటే చివర్లో తొడుక్కో, వాటితో నడవాల్సొస్తే వెనక్కి నడువు. తిరిగొచ్చాక నిచ్చెన గట్టిగా పట్టుకున్నాకే విప్పు, ప్రవాహం ఉన్నప్పుడు ఇది అస్సలు మర్చిపోకు, ఫిన్స్ లేకుండా పడవకి దూరమైతే ఎంత ఈత వచ్చినా తిరిగి చేరడం చాలా కష్టం. ఇంటికొచ్చాక మంచినీళ్ళలో కడిగి నీడలో ఆరబెట్టు. కొసల మీద నిలబెట్టకు, ఎండలో కారు డిక్కీలో వదిలెయ్యకు, బ్లేడ్ వంకరపోతే మళ్ళీ తిన్నగా అవ్వదు.

డబ్బుల గురించి ఆలోచించకు, బూటీలు నేను కొనిపెడతాను, ఫిన్స్ నువ్వు కొనుక్కో. శనివారం షాపుకి వెళ్ళినప్పుడు వీడియో కాల్ చెయ్యి, మడమ దగ్గర ఎంత సందు ఉందో నాకు చూపించు. అమ్మ కూడా చూస్తానంటోంది.

నాన్న