పదకొండు దగ్గర ఆగితే తీగను చూడండి

సంపాదకులు గారికి,

పెళ్లి వీడియోలు దాచుకునే స్టూడియోల వాళ్లూ, పిల్లలు దూరదేశాల్లో ఉన్న కుటుంబాల వాళ్లూ మన విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లలో ఇంట్లోనే నాస్ బాక్సు (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) పెట్టుకుంటున్నారు. అందులోకి ఫైళ్లు నత్తనడకన ఎక్కుతుంటే కొందరు డిస్కు మార్చేస్తారు, కొందరు ఇంటర్నెట్ ప్లాను పెంచేస్తారు. ప్లాను సంగతైతే బొత్తిగా దండగ. కంప్యూటర్ నుంచి నాస్‌కు పోయే ఫైలు గడప దాటదు. ప్లాను 50 అయినా 500 అయినా దానికి ఒకటే.

ముందు కాపీ అవుతున్నప్పుడు కనబడే అంకె చూడాలి. సిరిమానోత్సవం వీడియో ఒకటి 40 జీబీ ఉందనుకుందాం. సెకనుకు 110 ఎంబీ (మెగాబైట్లు) వస్తుంటే గిగాబిట్ లైను (సెకనుకు 1000 మెగాబిట్లది) బాగున్నట్టే, ఆరు నిమిషాల్లో పని అయిపోతుంది. అలాకాక 11 దగ్గర అతుక్కుపోయి కదలకపోతే లైను 100 ఎంబీపీఎస్‌కు, అంటే సెకనుకు 100 మెగాబిట్లకు పడిపోయిందన్నమాట. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100ని 8తో భాగిస్తే 12.5. దారిఖర్చులు పోగా చేతికొచ్చేది పదకొండు చిల్లర. అదే వీడియోకు గంట పడుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఎతర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అనే వరుసలో 1000 ఉందో 100 ఉందో తెలిసిపోతుంది. నాస్ సెట్టింగుల్లోనూ ఇదే చూడాలి. రెండు వైపులా 1000 ఉండాలి.

లాన్ కేబుల్లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నుల మీది రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. మిగతా నాలుగు తీగల్లో ఏ ఒక్కటి తెగినా చాలా పరికరాలు లైను ఆపేయకుండా చప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కనుక తీగ మీద ఎవరికీ అనుమానం రాదు.

కేబుల్ కొసన ఉండే జాక్‌ను వెలుతురులో పెట్టి చూడండి. ఎనిమిది తీగల కొనలూ ముందుగోడకు తగులుతున్నాయా? పైతొడుగు జాక్ లోపలిదాకా వెళ్లి నొక్కు కింద పడిందా? బయటే ఆగిపోతే లాగినప్పుడల్లా బరువంతా సన్నతీగల మీదే పడుతుంది. జతల మెలిక అరంగుళానికి మించి విప్పకూడదు. వరుస తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ అదే. కళింగపట్నం, బారువ లాంటి తీరగ్రామాల్లో ఉప్పుగాలికి పిన్నులు పచ్చబారుతాయి. గీకుతూ కూర్చోకుండా కొత్త జాక్ కొట్టించడమే మేలు. లైట్ల టెస్టర్‌ను మాత్రం పూర్తిగా నమ్మవద్దు. వెంట్రుకవాసి తగిలినా దాని లైటు వెలుగుతుంది.

తీగ బాగుంటే మధ్యలో ఏముందో చూడాలి. కొన్ని ఫైబర్ బాక్సుల్లో నాలుగు పోర్టులుంటే గిగాబిట్‌ది ఒక్కటే. నాస్‌నూ కంప్యూటర్‌నూ ఒకే గిగాబిట్ స్విచ్‌కు (లాన్ కేబుళ్లను కలిపే పరికరానికి) తగిలిస్తే ఆ గొడవ తీరుతుంది. వైఫై మీద పెద్ద ఫైళ్లు పంపి, వేగం లేదనడం న్యాయం కాదు.

లైను 1000 చూపిస్తున్నా నెమ్మదిగానే ఉంటే ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం రెండు వైపులా నడపాలి. అది డిస్కును ముట్టుకోకుండా దారిని మాత్రమే కొలుస్తుంది. 940 ఎంబీపీఎస్ దాకా వస్తే దారి శుభ్రం, లోపం నాస్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్నట్టు. కరెంటు పోయి వచ్చాక రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) సరిచూసుకుంటుంటే వేగం తగ్గుతుంది. అది పూర్తయ్యేదాకా ఆగి మళ్లీ చూడాలి. డిస్కు తన ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయించే భాగాలు) పెరుగుతుంటే మాత్రం ఆగొద్దు, ముందు డేటా వేరేచోటికి తీసుకోవాలి. వేల కొద్దీ చిన్న ఫొటోలు ఎలాగూ నెమ్మదే. ఒక్కో ఫైలుకూ తెరవడం, రాయడం, మూయడం వేరువేరుగా జరగాలి మరి. జిప్ చేసి ఒకే ఫైలుగా పంపితే తేడా తెలుస్తుంది.

కాపీ జోరుగా మొదలై కాసేపటికి చతికిలబడితే డిస్కు ఎస్‌ఎంఆర్ రకమేమో చూడాలి. అందులో డేటా పట్టీలు ఇంటిపెంకుల్లా ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. ఒకటి తిరిగి రాయాలంటే పక్కవీ రాయాలి. రెయిడ్‌కు ఇది పనికిరాదు. నాస్‌ల కోసం అమ్మే తన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని ఈ రకమేనని వెస్టర్న్ డిజిటల్ 2020లో ఒప్పుకుంది. నాస్‌కు పట్టీలు ఒకదానిమీదొకటి ఎక్కని సీఎంఆర్ డిస్కే అడిగి తీసుకోవాలి.

మన దుకాణాల వారికి ఒక మనవి. క్యాట్6 (లాన్ కేబుల్లో ఒక రకం) పేరుతో అమ్మే చవక తీగల్లో రాగి పూత వేసిన అల్యూమినియం ఉంటోంది. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది, నాలుగుసార్లు వంచితే తెగుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు తీగ గోడ పైపులోకి పోకముందే ఈ పరీక్ష చేయించాలి, కరెంటు తీగల పైపులో దీన్ని కలపనివ్వకూడదు. అమ్మేవారు బిల్లు మీద ‘పూర్తి రాగి’ అనీ, డిస్కుకైతే సీఎంఆరో ఎస్‌ఎంఆరో రాసిస్తే సగం మరమ్మతులు తప్పుతాయి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్,
కోట జంక్షన్, విజయనగరం