మా పనికీ ఒక పరీక్ష పెట్టండి

తెలంగాణ రియల్ ఎస్టేట్ నియంత్రణ ప్రాధికార సంస్థ (రెరా) చైర్‌పర్సన్ గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు తాళాలు తీసుకోబోయే వాళ్ల తరఫున ఆ ఫ్లాటును పరీక్షించి, లోపాల జాబితా రాసిచ్చే పని నాది. సైట్లలో దీన్ని స్నాగింగ్ అంటారు, కొనేవాళ్లు ఇన్‌స్పెక్షన్ అంటారు. సివిల్ డిప్లొమా చేసి, చాలా ఏళ్లు సైట్ సూపర్‌వైజరుగా ఉండి ఇటు వచ్చాను. అయితే ఈ పని మొదలుపెట్టినప్పుడు నా డిప్లొమా గానీ, అనుభవం గానీ ఎవరూ అడగలేదు. అడగమని చెప్పే చట్టమే లేదు. రేపు ఎవరైనా ఒక తేమ మీటరు కొనుక్కుని, విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకుంటే వాళ్లూ ఇన్‌స్పెక్టర్లే. ఈ పనికి లైసెన్సు పెట్టండి, ఎంత చదువు, ఎంత అనుభవం ఉండాలో తేల్చండి అని దీని మీదే బతికే నేను మిమ్మల్ని కోరుతున్నాను.

ఇంటితో సంబంధం ఉన్న మిగతావాళ్లను చూడండి. ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉంది. నమోదు కాకుండా ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. వైరింగు చేసే మనిషికి పర్మిటు ఉండాలి. ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటు మీ దగ్గర నమోదు కావాలి. మహారాష్ట్ర రెరా 2023లో ఇంకో అడుగు వేసి ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. కంపెనీల చట్టం కింద భవనాలకు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయరు 50 గంటల శిక్షణ పొంది, పరీక్ష గట్టెక్కాలి. ఇల్లు ఎంత పలుకుతుందో చెప్పేవాడికి పరీక్ష ఉంది, అది కారుతుందో లేదో చెప్పేవాడికి లేదు!

మున్సిపాలిటీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండవచ్చన్న ధ్రువపత్రం) ఇచ్చింది కాబట్టి అన్నీ చూసే ఉంటారని చాలామంది నమ్మకం. వాళ్లు చూసేది అనుమతి పొందిన ప్లాను ప్రకారం కట్టారా లేదా అని: సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), అంతస్తులు, పార్కింగు వంటివి. స్నానాల గదిలో నీళ్లు నహానీ ట్రాపు (నేలలో నీళ్లు బయటికి పోయే రంధ్రం) వైపు పారుతున్నాయా, గుమ్మం వైపు పారుతున్నాయా అన్నది వాళ్ల లెక్కలోకి రాదు.

ఆ స్నానాల గది సంగతే చెబుతాను. సరిగ్గా పరీక్షించాలంటే ట్రాపు మూసి, నేల మీద నీళ్లు నిలబెట్టి, ఒకటి రెండు రోజులు ఆగి, కింది ఫ్లాటు సీలింగు చూడాలి. అంత ఓపిక లేనివాడు మీటరు తెచ్చి గోడకు ఆనిస్తాడు. మీటరు ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఆ తేమ పైపు లీకు వల్ల వచ్చిందా, లప్పం ఇంకా ఆరకపోవడం వల్ల వచ్చిందా అన్నది మీటరు చెప్పదు, మనిషికి తెలియాలి. కరెంటు విషయం ఇంకా ప్రమాదం. సాకెట్‌లో న్యూట్రల్ తీగనే ఎర్త్‌కు కలిపేసి ఉంటే, సాకెట్‌లో గుచ్చి చూసే టెస్టరులో దీపాలన్నీ సవ్యంగానే వెలుగుతాయి. సాకెట్ విప్పి చూడాలన్న జ్ఞానం లేనివాడు 'ఎర్తింగ్ సరిగా ఉంది' అని రాసి సంతకం పెడతాడు. గీజరు వెనక ఉండే సాకెట్ గురించి ఆ మాట రాస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

నార్సింగి వైపు ఒకే ఫ్లాటుకు ఇద్దరు ఇచ్చిన రెండు నివేదికలు చూశాను. ఒకదాని నిండా రంగు మరకల ఫొటోలు, తలుపుల మీది గీతలు. రెండోది ఒక్క పేజీ. బాల్కనీ వాలు హాలు వైపు ఉందన్న అసలు సంగతి ఆ ఒక్క పేజీలోనే ఉంది. కొన్న అబ్బాయి ఉండేది అమెరికాలోని డాలస్‌లో. "అక్కడ ఇన్‌స్పెక్టరు లైసెన్సు నంబరు చూసి పిలుస్తాం, ఇక్కడ ఏం చూసి పిలవాలి?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టరు కావాలంటే 194 గంటల శిక్షణ కావాలి. అందులో 40 గంటలు ఇళ్లలో నిలబడి నేర్చుకునేవి. ఆపైన పరీక్ష, లక్ష డాలర్ల బీమా, రెండేళ్లకోసారి రెన్యువల్‌కు మళ్లీ 32 గంటల చదువు. నివేదిక నమూనా కూడా ప్రభుత్వ కమిషనే ఇస్తుంది. కాలిఫోర్నియాలో మాత్రం లైసెన్సే లేదు. కానీ అక్కడ ఒక మంచి నిబంధన ఉంది: తనిఖీ చేసిన ఇంట్లో 12 నెలల దాకా ఆ ఇన్‌స్పెక్టరు డబ్బు తీసుకుని మరమ్మతు చేయకూడదు. మన దగ్గర పొద్దున లీకు ఉందని రాసి, సాయంత్రం వాటర్‌ప్రూఫింగ్ కొటేషన్ పంపేవాళ్లున్నారు. ఆ నిబంధన ఇక్కడే ఎక్కువ అవసరం.

ఈ లైసెన్సు మీ రెరా చట్టానికే బలం. సెక్షన్ 14(3) ప్రకారం ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. వినడానికి బాగుంటుంది. మూడో ఏట గోడ చెమ్మగిల్లితే బిల్డరు మనుషులు వచ్చి, "గీజరు బిగించేటప్పుడు మీరే పైపుకు రంధ్రం చేశారు" అంటారు. అప్పగించిన రోజు పరిస్థితిని, చెప్పే అర్హత ఉన్న మనిషి రాసిన కాగితం ఉంటే మీ ముందుకొచ్చే వాదన సగం అక్కడే తేలిపోతుంది. నాలాంటి వాళ్లం ఇచ్చే కాగితాన్ని బిల్డరు లాయరు "ఈయన ఎవరు?" అన్న ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టేయగలడు.

లైసెన్సు అనగానే డబ్బిస్తే దొరికే కాగితం అవుతుందన్న భయం నాకూ ఉంది. బండి ముట్టుకోకుండానే పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాం కదా. అందుకే రాత పరీక్ష ఒక్కటే చాలదు. కావాలని లోపాలు పెట్టిన ఒక ఫ్లాటులోకి అభ్యర్థిని పంపి, ఎన్ని పట్టుకుంటాడో చూడండి. రసమట్టం, తూకపు గుండు పట్టుకోవడం వచ్చినవాడెవరో గంటలో తెలిసిపోతుంది. దయచేసి బీటెక్ వాళ్లకే పరిమితం చేయకండి. డిప్లొమాతో సైట్లో ఏళ్లు గడిపినవాళ్లకు దారి ఉంచండి. కొత్తగా వచ్చే పిల్లలు అనుభవజ్ఞుల కింద కొంతకాలం పనిచేశాకే సొంతంగా సంతకం పెట్టాలి. బీమా ఉంటే మా ఫీజు పెరుగుతుంది, నిజమే. కోటి రూపాయల ఫ్లాటు కొనేవాళ్లు దాన్ని భరించలేరని నేననుకోను.

ఇల్లు కొనేవాళ్లకు పనికొచ్చే ఇలాంటి మార్పులపై ప్రభుత్వానికి సిఫార్సు చేసే బాధ్యత సెక్షన్ 32 మీకు అప్పగించింది. ఆ సిఫార్సు పంపండి. చట్టమో నిబంధనలో వచ్చేసరికి సమయం పడుతుంది, తెలుసు. ఈలోగా మీ చేతిలోనే ఉన్న పని ఒకటుంది. చాలా ప్రాజెక్టుల్లో పూర్తి డబ్బు కట్టేదాకా "బయటి మనుషులకు ప్రవేశం లేదు" అని మమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తున్నారు. కొనుగోలుదారు చివరి వాయిదా కట్టేముందు తాను కోరిన నిపుణుణ్ని వెంటబెట్టుకుని ఫ్లాటు చూసుకోవచ్చని సెక్షన్ 37 కింద బిల్డర్లకు ఒక ఆదేశం ఇవ్వండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఫ్లాట్ ఇన్‌స్పెక్టరు, హైదరాబాద్