మూడో డిస్కు తెరుచుకుంది: సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మా ఇంటి సర్వర్‌లో మూడో డిస్కు మళ్లీ మౌంట్ అయింది, అంటే అందులోని ఫైళ్లు మళ్లీ తెరుచుకుంటున్నాయి. నాన్నగారి పద్యాలు దక్కాయి. ముందు ఈ మాట మీ చెవిన వేసి, తర్వాత ఒక్కొక్కరికీ దండం పెట్టాలనుకున్నాను. పేర్లు రాయవద్దని మీలో కొందరు కోరారు కాబట్టి ఊళ్ల పేర్లతోనే పిలుస్తాను.

కొత్తగా చదువుతున్నవారి కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. మా ఇంటి సర్వర్‌లో అన్‌రెయిడ్ (చాలా డిస్కులను కలిపి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) నడుస్తోంది. నాలుగు డేటా డిస్కులు, వాటిలో ఒకటి పోతే తిరిగి కట్టుకోవడానికి ఒక ప్యారిటీ డిస్కు. నాన్నగారు పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. తిరునాళ్లలో ఆయన పాడిన పద్యాలను అభిమానులు కేసెట్లలో పట్టుకున్నారు. ఆ కేసెట్లను సేకరించి, ఫ్లాక్ ఫైళ్లుగా (నాణ్యత తగ్గకుండా దాచే ఆడియో ఫైళ్లుగా) మార్చి మూడో డిస్కులో దాచాను. పాతవాటి ప్రతులు విజయవాడలో తమ్ముడి దగ్గర ఉన్నాయి. ఈ వేసవిలో మార్చినవి మాత్రం ఇంకా అక్కడికి చేరలేదు. వాటి కేసెట్లకు బూజు పట్టి టేపు అతుక్కుపోయింది. మళ్లీ ఎక్కించుకునే దారి లేదు.

కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేచింది గానీ మూడో డిస్కు ఎదురుగా ‘అన్‌మౌంటబుల్’ అని కనిపించింది. దాని కిందే, ఆ డిస్కును ఫార్మాట్ చేసుకోవచ్చన్న సూచన కూడా ఉంది.

సికింద్రాబాద్ అన్నయ్యా, మీ మొదటి జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “చెల్లెమ్మా, ఆ ఫార్మాట్ గడిలో టిక్కు పెట్టకు. మిగతావన్నీ రేపు మాట్లాడుకుందాం.” అంతటితో ఊరుకోకుండా ఎందుకో కూడా చెప్పారు. ఫార్మాట్ అంటే ఖాళీ ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే అమరికను, కొత్తగా రాయడం. ఆ రాత ప్యారిటీలోకీ వెళ్తుంది. ఆ తర్వాత ప్యారిటీ నుంచి డిస్కును తిరిగి కట్టినా మనకు దక్కేది ఖాళీ డిస్కే.

కొత్త డిస్కు పెట్టి ప్యారిటీ నుంచి రీబిల్డ్ చేస్తే సరిపోతుంది కదా అని నేనూ అడిగాను, మరికొందరూ అడిగారు. దీనికి విశాఖ మాస్టారు ఇచ్చిన వివరణను ఇంటి సర్వర్ ఉన్న ప్రతివారూ చదవాలి. ప్యారిటీ చిట్టా పుస్తకం అడుగున వేసిన మొత్తం లాంటిదన్నారు. ఒక పద్దు చెరిగిపోతే మొత్తంలోంచి మిగతావి తీసేసి దాన్ని రాబట్టవచ్చు. పద్దే తప్పుగా రాసి ఉంటే, రాబట్టినా ఆ తప్పే వస్తుంది. ప్యారిటీకి తెలిసింది బిట్లు, ఫైళ్లు కావు. డిస్కు చచ్చిపోతే అది కాపాడుతుంది, ఫైల్ సిస్టమ్ చెడితే కాపాడలేదు. ఇంత తేటగా చెప్పినవారు నాకు ఇంతవరకు తగల్లేదు మాస్టారూ.

స్మార్ట్ నివేదిక (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) పంపమని అడిగింది కూడా మీరే. అందులో 5వ వరుస, అంటే చెడిన సెక్టార్లకు (డిస్కులోని చిన్న గడులకు) బదులు వేరేవి కేటాయించిన లెక్క, సున్నా. 197వ వరుస, తేలకుండా మిగిలిన సెక్టార్ల లెక్క, అదీ సున్నా. 199వ వరుసలో సీఆర్‌సీ లోపాలు మాత్రం పెరుగుతూ పోతున్నాయి. డిస్కుకూ బోర్డుకూ మధ్య సమాచారం దారిలో చెడుతోందని దాని అర్థం. డిస్కు లోపలి పళ్లేలు బాగానే ఉన్నాయి, ముందు డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ను అనుమానించండి అన్నారు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొత్త కేబుల్ కొనుక్కొచ్చి మార్చాను. ఆ లెక్క వెనక్కి తగ్గదని, పెరగకుండా ఉంటే చాలని మీరు ముందే చెప్పకపోతే పాత అంకె చూసి మళ్లీ బెంబేలెత్తేదాన్ని. కేబుల్ మార్చిన దగ్గర నుంచి అది కదల్లేదు.

రిపేర్‌కు ముందు డిస్కు మొత్తానికి నకలు తీయాల్సిందేనని సికింద్రాబాద్ అన్నయ్య పట్టుబట్టారు. అంత పెద్ద ఖాళీ డిస్కు నా దగ్గర లేదంటే, స్కూటర్ మీద మా ఇంటికి తెచ్చిచ్చారు. అప్పటికి నేనెవరో ఆయనకు తెలియదు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో నకలు తీయడం ఆయన పక్కన కూర్చుని నేర్పారు. వదిన పంపిన పులిహోర సంగతి విడిగా ఆవిడకే ఫోన్ చేసి చెప్పాను.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. డాలస్ బాబాయ్ గారూ, మాకు పగలైతే మీకు రాత్రి. అయినా నేను పంపిన ప్రతి వరుసా చదివారు. మా డిస్కులోని ఫైల్ సిస్టమ్ పేరు ఎక్స్‌ఎఫ్‌ఎస్. దాన్ని బాగుచేసే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ ఆదేశాన్ని మొదట మైనస్ ఎన్ (-n) పెట్టి నడిపించారు. అలా పెడితే అది దేన్నీ మార్చకుండా లోపాలు మాత్రమే చెబుతుంది. ఆ మైనస్ ఎన్ తీసేసి నడిపితే, లాగ్‌లో (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాలో) విలువైన మార్పులు మిగిలి ఉన్నాయి, ముందు మౌంట్ చేయమంది. మౌంట్ కాకపోవడమే కదా మన బాధ! మిగిలిన దారి మైనస్ పెద్ద ఎల్ (-L). లాగ్‌ను నాశనం చేసి ముందుకు వెళ్తుందని దానిమీదే రాసి ఉంది. అది చదివి నా చేయి ఆడలేదు. “1994లో సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్లు ఐరిక్స్ కోసం విడుదల చేసిన ఫైల్ సిస్టమ్ ఇది, ఇలాంటి దెబ్బలు ఎన్నో తిని లేచింది. ముందు నకలు మీద చేసి చూద్దాం” అన్నారు మీరు. లాగ్‌లో పోయేవి చివరి క్షణాల్లో జరిగిన మార్పులేనని, పాత ఫైళ్లకు చాలావరకు భయం లేదని విడమరిచారు.

నకలు మీద ఫలితం చూశాకే అసలు డిస్కు జోలికి వెళ్లాం. అక్కడ కూడా మెయింటెనెన్స్ మోడ్‌లో (డిస్కులు మౌంట్ కాకుండా నడిచే తీరులో) పెట్టి, డిస్కు సొంత పేరుతో కాకుండా అన్‌రెయిడ్ ఇచ్చే ఎండీ పేరు మీదే రిపేర్ చేయించారు. లేదంటే రిపేర్ చేసిన మార్పులు ప్యారిటీకి చేరవట. ఈ ఒక్క జాగ్రత్త చెప్పినందుకే మీకు వేరుగా ఒక ఉత్తరం రాయాలి.

డిస్కు తెరుచుకుంది గానీ కొన్ని ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో అంకెలుగా మిగిలాయి. తెనాలి తమ్ముడూ, నువ్వు ఇంకా ఇంజనీరింగ్ చదువుతున్నావంటే నమ్మలేకపోయాను. ఫ్లాక్ ఫైల్ లోపలే పద్యం పేరు, ఊరు, సంవత్సరం ట్యాగులుగా ఉంటాయని, వాటితో పేర్లు తిరిగి పెట్టవచ్చని చూపించి చిన్న స్క్రిప్టు రాసిచ్చావు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ తన సొంత లెక్కలకు చెక్‌సమ్ (సమాచారం చెడిందో లేదో పట్టిచ్చే అంకె) పెట్టుకుంటుంది గానీ ఫైల్ లోపలి సరుకుకు పెట్టదని, ఫ్లాక్ మాత్రం ఆడియోకు ఎండీ5 అనే అలాంటి అంకెను తనలోనే దాచుకుంటుందని చెప్పి ప్రతి ఫైలునూ పరీక్షించేలా చేశావు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక పద్యం చివర జనం ‘వన్స్ మోర్’ అని అరవడం, నాన్నగారు హార్మోనియం వైపు తిరిగి శ్రుతి అందుకోవడం మొదటినుంచీ విన్నాను. ఆ రాగాలాపన నీ పుణ్యమే.

మీలో ఏ ఒక్కరూ ‘ఇలా చెయ్యి’ అని మాత్రం చెప్పి వదిలేయలేదు. ఎందుకు చేయాలో చెప్పారు, నాకు అర్థమయ్యేదాకా ఆగారు. నా గాభరా చూసి ఎవరూ విసుక్కోలేదు. అది నాకు పద్యాలు దక్కినంత పెద్ద విషయం.

వేసవి పద్యాల ప్రతులు ఇప్పుడు తమ్ముడి దగ్గరికీ చేరాయి. అన్నయ్య డిస్కు తిరిగి ఇచ్చేశాను. అదే పరిమాణంలో ఒకటి కొని ఖాళీగా ఉంచాను. హైదరాబాద్‌లో ఎవరికైనా ఇలా నకలు తీయాల్సిన అవసరం పడితే అడగండి, తెచ్చిస్తాను. డీడీరెస్క్యూ నడపడం ఇప్పుడు నాకూ వచ్చు, పక్కన కూర్చుంటాను.