ఉల్లిపువ్వు ముందు మోకాళ్ల మీద

ఒరేయ్ శీనూ,

"మాక్రో లెన్స్ కొనమంటావా, వద్దంటావా?" అని, బుల్లి వస్తువుల్ని దగ్గర్నుంచి పెద్దగా తీసే ఆ లెన్స్ గురించి ఒక్క ముక్కలో అడిగేశావు. నాకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం చేతకాదని నీకు తెలుసుగా. తీరిగ్గా కూర్చుని చదువు.

నెలల తరబడి నేను తీస్తున్నది ఒకటే, ఉల్లి. నవ్వకు. ఉల్లి చేసే మేలు గురించి సామెత కూడా అప్పజెప్పకు. మొలకొచ్చిన పాయను పారేయబుద్ధి కాక కుండీలో గుచ్చాను. కొన్నాళ్లకి ఆకుల మధ్యలోంచి ఒక కాడ లేచింది. లోపల బోలు, కింది భాగం ఉబ్బెత్తు, కొసన పల్చటి పొర కప్పుకున్న మొగ్గ. ఒక పొద్దున ఆ పొర కాగితంలా చిట్లి, లోపల కుక్కినట్టున్న బుల్లి మొగ్గలన్నీ తోసుకుంటూ బయటికొచ్చాయి. కెమెరా కోసం పరిగెత్తాను.

మొదటి రెండు వారాల ఫొటోలు నీకు చచ్చినా చూపించను. అన్నీ తెల్లటి బంతి, వెనకాల పచ్చటి మసక. వందల పువ్వులున్న బంతిని ఒక్క ఫ్రేములో ఇరికించాలని నా యావ. చివరికి విసుగొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఒకే ఒక్క పువ్వుని పట్టుకున్నాను.

చిటికెన వేలి గోరు మీద పట్టేసేంత పువ్వురా అది. ఆరు రేకులు, ఒక్కోదాని నడుమ నిలువునా ఆకుపచ్చ చార. పుప్పొడి మోసే ఆరు కేసరాలు. మధ్యలో మూడు గదుల అండాశయం, నున్నగా, పచ్చగా. ఆ రోజు తీసిందీ రెండు రోజులాగి తీసిందీ పక్కపక్కన పెడితే ఒకటే పువ్వంటే నేనే నమ్మలేదు. మొదటి దాంట్లో మూడు కేసరాలే పగిలి పుప్పొడి పూసుకుని ఉన్నాయి, మిగతా మూడూ నోరు మూసుకునే ఉన్నాయి. నా ఫోకస్ తప్పేమో అనుకున్నా. కాదు. లోపలి వరస మూడూ ముందు విచ్చుకుంటాయి, బయటి మూడూ తర్వాత. పుప్పొడి రాలడం దాదాపు అయ్యాక గానీ మధ్యలో అండాశయం మీదున్న సన్నటి కాడ, కీలం, సాగి, పుప్పొడి అందుకోవడానికి సిద్ధం కాదు. ముందు మగ, తర్వాత ఆడ అన్నమాట. పైగా పక్క పక్క పువ్వులు ఒకే ఈడువి కావు కాబట్టి ఒక్క బంతిలోనే అన్ని వయసులూ దొరుకుతాయి. ఇంకాస్త వంగి చూస్తే లోపలి కేసరాల మొదళ్లు వెడల్పుగా ఉంటాయి. వాటికీ అండాశయానికీ మధ్య ఇరుకులో తేనె నిలిచి తళుక్కుమంటుంది. ఆ మెరుపు కోసమే నాకు మూడు పొద్దున్నలు పట్టింది.

ఇక కష్టాలు. పువ్వుని సెన్సర్ మీద అసలు సైజులో పడేలా తీస్తే, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 8కి చిన్నది చేసినా స్పష్టంగా వచ్చేది ఒక మిల్లీమీటరు మందమే. కేసరం తేటగా ఉంటే అండాశయం మసక. పోనీ రంధ్రాన్ని ఇంకా చిన్నది చేసి ఎఫ్ 22కి పోదామంటే బొమ్మంతా మెత్తబడిపోతుంది. అందుకే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై ఫొటోలు తీసి కంప్యూటర్లో కలుపుతున్నా. ఈలోపు గాలి! సన్నటి కాడ మీద బరువైన తల, ఊపిరి వదిలినా ఊగుతుంది. తల కింద పుల్ల గుచ్చి క్లిప్పు పెట్టు, తెల్లారుజామునే తియ్యి. ఎండ తగిలితే తెల్ల రేకులు సున్నం కొట్టినట్టయిపోతాయి, అడ్డంగా పల్చటి తెల్ల కాగితం పట్టుకో.

ఒక రాత్రి ఫొటో పెద్దది చేసి చూస్తే రేకు మీద గీత లాంటి పురుగు. తామర పురుగు, మిల్లీమీటరు కాస్త దాటుతుందేమో. తీసేటప్పుడు నాకు కనపడనే లేదు. అనుకోకుండా వచ్చిన ఆ ఫొటోయే అన్నిట్లోకీ బాగుంది, ఏడుపొచ్చింది.

వెల్లుల్లి మీద పెద్దగా ఆశ పెట్టుకోకు. కాడ తలలో పువ్వులకి బదులు బుల్లి పాయలు పుట్టి, పువ్వుల్ని నలిపేస్తాయి. ఊదా చారల ఆ పాయలు మాత్రం ముద్దొస్తాయి. పువ్వులే లేకపోతే ఎర్ర ఉల్లిని పల్చగా చక్రం కోసి, గాజు మీద పెట్టి, వెనక నుంచి వెలుగియ్యి. ఎరుపంతా పొర అంచుల్లోనే ఉంటుంది, లోపల తెలుపే. వ్యూఫైండర్‌లో కళ్లు పెట్టి ఏడవకు, స్క్రీన్ చూసి తియ్యి.

లెన్స్ సంగతా? ఇప్పుడే వద్దు. నీ 50 మిల్లీమీటర్ల లెన్స్ వెనక 50 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తగిలిస్తే అసలు సైజు వచ్చేస్తుంది. వాటిలో గాజు ఉండదు, ఖాళీ గొట్టాలే. ఆటోఫోకస్ పనిచేసేవి చూసుకో, అంతే.

నిన్నటి నుంచి కాయలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. లోపల నల్లటి, మూలలు తేలిన గింజలు. నలుపు మీద వెలుగు ఎటు నుంచి వేసినా మొద్దుగా వస్తోంది. నువ్వు నగలు తీసేవాడివి కదా, లైటు ఎక్కడ పెట్టాలో రాయి. గింజలు రాలిపోకముందే.

నీ
రాఘవ