రేపు పొద్దున ఆరింటికి ధ్యానం, ఎవరింట్లో వాళ్లం

అందరికీ నమస్కారం. ఇంట్లో ధ్యానం ఎలా మొదలుపెట్టాలని మొన్న వాకింగ్‌లో ముగ్గురు నలుగురు అడిగారు. నేను చేసేది రాస్తున్నాను.

పొద్దున్నే మొహం కడుక్కుని, కాఫీకి ముందే, ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చోండి. చాప మీద బాసింపట్టు వేసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీ చాలు, పాదాలు నేలకు ఆనాలి, నడుం నిటారుగా ఉండాలి. పిరమిడ్ ధ్యానం వాళ్లు ‘శ్వాస మీద ధ్యాస’ అంటారు కదా, అదే. గాలి లోపలికి వెళ్లేటప్పుడు ముక్కు కొసన చల్లగా తగులుతుంది, బయటికొచ్చేటప్పుడు కాస్త వెచ్చగా. ఆ తేడానే గమనిస్తూ ఉండండి. ఊపిరి బిగబట్టొద్దు.

రెండో నిమిషానికే కుక్కర్ విజిల్, పిల్లల ఫీజు, నిన్న ఎవరో అన్న మాట, అన్నీ గుర్తొస్తాయి. టెన్షన్ పడకండి. మనసు వందసార్లు పోతే వందసార్లూ మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకోవడమే ఇందులో అసలు పని.

వయసెంతో అన్ని నిమిషాలు కూర్చోమంటారు పిరమిడ్ ధ్యానం వాళ్లు. మొదటివారం మనకు పది నిమిషాలు చాలని నా అభిప్రాయం, కానీ రోజూ చేయాలి. కళ్లు మూసుకుంటే గాభరా ఎక్కువయ్యేవాళ్లు వెంటనే ఆపేయండి. బీపీ మందులు మాత్రం మానొద్దు, దయచేసి.

అయ్యాక ఎలా అనిపించిందో ఇక్కడే రాయండి.